హారన్ బొంగురుపోయింది, ఒక్కోసారి అసలు మోగట్లేదు. క్లాక్ స్ప్రింగ్ మార్చాలా?

నిజాంపేట నాని
2016 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. హారన్ నొక్కితే గొంతు పట్టేసినట్టు బొంగురుగా వస్తోంది. వాన పడినా, వాటర్ వాష్ చేయించినా అదీ ఉండదు, మళ్ళీ ఎండెక్కాక కొంచెం పలుకుతుంది. ఫ్యూజు తీసి చూశాను, బాగానే ఉంది. డాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగట్లేదు. ఇంటి దగ్గర వర్క్‌షాప్ అతను స్టీరింగ్ లోపల క్లాక్ స్ప్రింగ్ (స్టీరింగ్ తిరిగినా కరెంటు తెగకుండా అందించే చుట్టిన రిబ్బన్ వైరట) పోయింది, మార్చాల్సిందే అన్నాడు. యాక్సెసరీస్ షాపులో రెండు హారన్లూ పీకేసి పెద్ద సౌండువి వేసుకోమన్నారు. రెండూ ఖర్చే. ఏది నిజమో తేల్చుకునే దారి చెప్పండి. జేఎన్‌టీయూ దగ్గర ఆ ట్రాఫిక్‌లో హారన్ లేకుండా బండి నడపడం నిజంగా భయంగా ఉంది.

ఉప్పల్ అన్న
ముందుగాల ఎవ్వల మాట ఇనకు. బానెట్ లేపు, లోపల ఒకర్ని కూసోబెట్టి హారన్ నొక్కమను, నువ్వు ఫ్యూజు బాక్స్ మీద చెయ్యి పెట్టు. అండ్ల హారన్‌కు కరెంటు కలిపే చిన్న స్విచ్చు డబ్బ, అదే రిలే, టిక్కుమంటుందా లేదా? గదొక్కటి చెప్తే సగం లెక్క తేలుతది.

ఎస్‌యూవీ శీను
క్లాక్ స్ప్రింగే అయ్యుంటుంది. పదేళ్ళకి దగ్గర పడ్డ బండ్లలో ఎక్కువగా పోయేది అదే. మార్పించెయ్యండి, పీడా పోతుంది.

పన్నెండు వోల్టులు
శీను గారూ, అంత తొందరెందుకు? స్టీరింగ్ తిప్పుతుంటే మోగడం, నేరుగా పెడితే ఆగిపోవడం, ఇలాంటి తేడా ఉంటే క్లాక్ స్ప్రింగ్‌ని అనుమానించొచ్చు. నాని గారు అలాంటిదేమీ రాయలేదు. ఆయన రాసింది రెండే మాటలు: బొంగురు, తడి.

ఒకసారి కరెంటు దారి చూద్దాం. హారన్‌కి రెండు దారులుంటాయి. చిన్న దారి: స్టీరింగ్ మీద బటన్, క్లాక్ స్ప్రింగ్, రిలే కాయిల్. బటన్ నొక్కితే కాయిల్ రెండో కొస ఎర్త్‌కి, అంటే బ్యాటరీ మైనస్‌కి కలిసి ఉండే బండి బాడీకి, తగులుతుంది; కాయిల్ అయస్కాంతంలా మారి రిలే కాంటాక్టుని లాగి కలుపుతుంది. ఈ దారిలో పోయేది 0.15 యాంపుకి అటూ ఇటూ, అంతే. పెద్ద దారి: బ్యాటరీ, ఫ్యూజు, రిలే కాంటాక్టు, హారన్, బాడీ ఎర్త్. ఇక్కడ ఒక్కో హారన్ 4 నుంచి 5 యాంపులు లాగుతుంది. రెండుంటే దానికి రెట్టింపు.

క్లాక్ స్ప్రింగ్ చిన్న దారిలో ఉంది. అది పాడైతే రిలే లాగుతుంది లేదా లాగదు. లాగిందంటే హారన్‌కి పూర్తి కరెంటు అందాలి. గొంతు మాత్రమే తగ్గిందంటే లోపం రిలే తర్వాతి దారిలోనో, హారన్‌లోనో ఉంటుంది. అందుకే ఉప్పల్ అన్న అడిగిన టిక్కు శబ్దం ముఖ్యం.

లక్ష్మి_తార్నాక
పైన చెప్పింది సరైనదే, రెండు సంగతులు కలుపుతాను. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగట్లేదు కాబట్టి క్లాక్ స్ప్రింగ్ బాగుందని అనుకోకూడదు. ఆ రిబ్బన్‌లో హారన్‌కి వేరే పట్టీ, ఎయిర్‌బ్యాగ్‌కి వేరే పట్టీ ఉంటాయి. హారన్ పట్టీ ఒక్కటే తెగితే లైటు రాదు. రెండూ తెగితే లైటూ వస్తుంది, హారనూ పోతుంది. లైటు వచ్చిందంటే అనుమానం బలపడుతుంది, రాకపోతే మాత్రం ఏమీ తేలదు.

రెండోది, కొత్త బండ్లలో బటన్ నేరుగా రిలేకి పోదు. బాడీ కంట్రోల్ మాడ్యూల్‌కి (బండిలో కరెంటు పనులు చూసే చిన్న కంప్యూటర్) పోతుంది, అది రిలేని నడుపుతుంది. కొన్నిట్లో రిలే లోపలి బోర్డుకే అతికించి ఉంటుంది, బయటికి తీయలేరు. ముందు ఫ్యూజు బాక్స్ మూత వెనక బొమ్మలో హారన్ రిలే విడిగా ఉందో లేదో చూసుకోండి.

పాతకారు ప్రేమి
పన్నెండు వోల్టులు గారు చెప్పిన నియమం రిలే ఉన్న బండ్లకే. పాత బండ్లు చాలావాటిలో రిలే ఉండదు, హారన్ కరెంటంతా స్టీరింగ్ బటన్ గుండానే పోతుంది. వాటిలో స్టీరింగ్ వెనక రాగి రింగు, దాని మీద ఒరుసుకునే బ్రష్ ఉంటాయి. రింగు నల్లబడితే హారన్ సన్నబడుతుంది. 400 నంబర్ గరుకు కాగితంతో మెత్తగా రుద్ది, బ్రష్ స్ప్రింగ్ సరిగ్గా నొక్కుతోందో లేదో చూస్తే చాలు. అలాంటి బండ్లలో బొంగురుకి కారణం స్టీరింగ్‌లో కూడా ఉండొచ్చు. 2016 బండికి ఇది వర్తించదనుకోండి.

నిజాంపేట నాని
మా తమ్ముడితో నొక్కించి చూశాను. ప్రతిసారీ టిక్కు స్పష్టంగా వినబడుతోంది. హారన్ అసలు పలకనప్పుడు కూడా టిక్కు మాత్రం ఉంది. గ్రిల్ వెనక రెండు డిస్క్ హారన్లు, ఒక్కోదానికి రెండు వైర్ల కప్లర్ (తగిలించే ప్లగ్గు). రిలే విడిగానే ఉంది.

ఉప్పల్ అన్న
అయిపాయె. స్టీరింగ్ దిక్కు సాఫ్ ఉన్నది. క్లాక్ స్ప్రింగ్ పైసలు జేబుల పెట్టుకో. ఇగ రిలే కాంటాక్టు, వైరు, ఎర్త్, హారన్. గీ నాలుగే మిగిలినయ్.

లక్ష్మి_తార్నాక
అవును. టిక్కు వచ్చిందంటే కాయిల్ లాగుతోందని మాత్రమే అర్థం. లోపల కాంటాక్టు కాలిపోయి ఉంటే టిక్కుమంటూనే కరెంటు సరిగ్గా వదలదు. దాన్ని తేల్చడానికి రెండు దారులు.

మొదటిది, అదే బాక్స్‌లో అదే నంబరు, అదే పిన్నుల బొమ్మ ఉన్న ఇంకో రిలేతో మార్చి చూడటం. ఆకారం ఒకేలా ఉందని పెట్టొద్దు, రిలే మీద గీసిన బొమ్మ కలవాలి.

రెండోది, రిలే పీకి సాకెట్‌లో 30, 87 పిన్నుల చోటు కలపడం. ఎప్పుడూ 12 వోల్టులు ఉండేది 30. హారన్‌కి పోయేది 87. మధ్యలో 15 యాంపుల ఫ్యూజు పెట్టిన చిన్న వైరుతో ఒక్క క్షణం ముట్టించండి. హారన్ గట్టిగా మోగితే రిలేనే దోషి. అప్పుడూ బొంగురే అయితే రిలే తప్పేమీ లేదు. 85, 86 జోలికి మాత్రం వెళ్ళొద్దు, అవి కాయిల్ పిన్నులు. అక్కడ పొరపాటున కలిపితే ఫ్యూజు పోతుంది, మాడ్యూల్ ఉన్న బండిలో అంతకంటే పెద్ద నష్టమే జరగొచ్చు.

బోడుప్పల్ బుల్లోడు
నా బండి రిలే మీద 30, 87 లేవు. 1, 2, 3, 5 అని ఉన్నాయి. ఏది ఏది?

పన్నెండు వోల్టులు
1, 2 కాయిల్. 3, 5 కాంటాక్టు. 3 అంటే 30, 5 అంటే 87 అనుకోండి. అయినా టెస్ట్ ల్యాంపు పెట్టి కరెంటు ఎటు ఉందో చూసుకున్నాకే ముట్టించండి.

నిజాంపేట నాని
రిలే మార్చి చూశా, అదే బొంగురు. సాకెట్‌లో ఫ్యూజు వైరుతో కలిపి చూశా, అదే బొంగురు. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న మల్టీమీటర్ ఉంది. హారన్ కప్లర్ ఊడదీసి, హారన్ నొక్కించి, కప్లర్ రెండు పిన్నుల మధ్య కొలిస్తే 12.4 చూపిస్తోంది. కరెంటు వస్తోందిగా, ఇక హారన్లే పోయినట్టా?

ఎస్‌యూవీ శీను
12.4 వస్తోందంటే వైరింగ్ బాగున్నట్టే. హారన్లు మార్చుకోండి ఇక.

పన్నెండు వోల్టులు
వద్దు, ఆగండి. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఈ మెట్టు దగ్గరే.

కప్లర్ ఊడదీసి కొలిస్తే వచ్చే అంకెని నమ్మకూడదు. మీటర్ లాగే కరెంటు దాదాపు సున్నా. వైరులో పది పోగుల్లో తొమ్మిది తెగి ఒక్కటే మిగిలినా, బోల్టు కింద తుప్పు పట్టి ఉన్నా మీటర్‌కి 12.4 కనిపిస్తుంది. సన్నటి పైపులో నీళ్ళు పారనప్పుడు ప్రెషర్ బాగానే ఉంటుంది, కుళాయి తిప్పినప్పుడే సంగతి బయటపడుతుంది. ఇక్కడ కుళాయి హారన్. అది లాగుతుండగానే కొలవాలి.

కప్లర్ హారన్‌కి తగిలించే ఉంచండి. వెనక వైపు వైరు పక్కనుంచి సన్నటి గుండుసూది దోపి మీటర్ పెట్టండి. తమ్ముడు హారన్ నొక్కి పట్టుకుని ఉండగా నాలుగు కొలతలు:
బ్యాటరీ ప్లస్, బ్యాటరీ మైనస్ మధ్య.
హారన్ రెండు పిన్నుల మధ్య.
బ్యాటరీ ప్లస్ నుంచి హారన్ ప్లస్ పిన్నుకి.
హారన్ మైనస్ పిన్ను నుంచి బ్యాటరీ మైనస్‌కి.

చివరి రెండే అసలైనవి. ఇవి దారిలో పోగొట్టుకుంటున్న వోల్టులు. ప్లస్ దారిలో 0.5 దాకా చూసీచూడనట్టు వదిలేయొచ్చు. ఎర్త్ దారిలో 0.2 మించకూడదు. నొక్కిపట్టేది ఒక్కోసారి రెండు మూడు క్షణాలే, హారన్ కాయిల్ వేడెక్కిపోతుంది.

స్పానర్ 10-12
సూది వైరు తొడుగులోంచి గుచ్చొద్దు. ఆ చిల్లులోంచి నీళ్ళు దిగి రాగి పచ్చబడిపోతుంది, కొన్నాళ్ళకి అక్కడే ఇంకో లోపం తయారవుతుంది. కప్లర్ వెనక రబ్బరు సీలు పక్కనుంచే దోపాలి. గ్రిల్ పైన ప్లాస్టిక్ క్లిప్పులు తీసేటప్పుడు నడిమి బొడిపెని ముందు పైకి లేపి తర్వాత క్లిప్పు లాగండి, విరగవు.

ఉప్పల్ అన్న
చెవులల్ల దూది పెట్టుకోండ్రి తమ్మీ. హారన్ ముందల మొఖం పెట్టి కొలుస్తరు, తర్వాత రాత్రంతా గుయ్యిమంటది.

నిజాంపేట నాని
కొలిచాను. నొక్కి ఉంచినప్పుడు:
బ్యాటరీ 12.3
హారన్ పిన్నుల మధ్య 7.9
ప్లస్ దారి 0.3
మైనస్ దారి 4.1
రెండో హారన్‌కి కూడా ఇంచుమించు ఇవే అంకెలు.

పన్నెండు వోల్టులు
7.9, 0.3, 4.1 కూడితే 12.3. లెక్క సరిపోయింది, కొలత సరిగ్గా తీశారు. ఎర్త్ దారిలో 4.1 వోల్టులు పోతున్నాయి. మీ హారన్లకి అందుతోంది ఎనిమిది వోల్టుల లోపు, ఇక బొంగురుపోక ఏం చేస్తాయి? రెండిట్లోనూ ఒకే అంకె ఉందంటే ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న ఎర్త్ బోల్టు దగ్గరే లోపం. విడివిడి కప్లర్లలో కాదు.

నిర్ధారణకి ఇంకో పని చేయండి. ఒక వైరు తీసుకుని హారన్ మైనస్ నుంచి నేరుగా బ్యాటరీ మైనస్‌కి పెట్టి నొక్కించండి. గొంతు తెరుచుకుంటే ఇక అనుమానమే ఉండదు.

లక్ష్మి_తార్నాక
వాన పడితే ఎందుకు ఆగిపోతోందో కూడా దీంతో తేలిపోయింది. బోల్టు కింద తుప్పు పొర ఉంటే తడి దాంట్లో నిలుస్తుంది, రేకుకి రేకు తగిలే ఆ కొద్ది చోటూ పాడవుతుంది. డిస్క్ హారన్ లోపలి కాంటాక్టులు తెరుచుకుంటూ మూసుకుంటూ పలకాలంటే రేకుని లాగేంత అయస్కాంత బలం కావాలి. వోల్టులు ఒక హద్దు దాటి పడిపోతే రేకు కదలదు. అందుకే బొంగురు నుంచి ఒక్కసారిగా మౌనంలోకి పోతుంది, నెమ్మదిగా తగ్గదు.

నిజాంపేట నాని
వైరు నేరుగా పెట్టి చూశా. సెల్లార్ అంతా దద్దరిల్లింది, వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు! ఇప్పుడు ఆ ఎర్త్ బోల్టు ఎక్కడుంటుంది, ఎలా శుభ్రం చేయాలి?

ఉప్పల్ అన్న
కప్లర్ నుంచి నల్ల వైరు పట్టుకొని పో. శానా బండ్లల్ల ఎడమ హెడ్‌లైట్ ఎనుక గాని, రేడియేటర్ పైన అడ్డంగ ఉండే పట్టీ మీద గాని, బ్యాటరీ ట్రే కింద గాని బాడీకి బిగించి ఉంటది. 10 నంబర్ స్పానర్ పడ్తది.

ముందు బ్యాటరీ మైనస్ ఊడదియ్యి. బోల్టు ఇప్పు. వైరు కొసకున్న రింగు రెండు దిక్కులా, బోల్టు కింద బాడీ రేకు, బోల్టు తల కింద, ఈ మూడు జాగలు 120 నంబర్ గరుకు కాగితంతోని తెల్లగ మెరిసేదాక రుద్దు. బాడీ మీద పెయింట్ అడ్డం ఉంటే రింగు సైజు మందమే తియ్యి, ఎక్కువ గీకకు, తుప్పు పడ్తది. రింగుకి వైరు నొక్కిన కాడ పచ్చగ చిలుము పట్టి ఉంటే రుద్దితే గాదు, అంత మేర కోసేసి కొత్త రింగు నొక్కియ్యాలె. అంచుకు పండ్లున్న స్టార్ వాషర్ ఒకటి ఏసి గట్టిగ బిగియ్యి. బిగిచ్చినంక, మల్ల చెప్తున్న, బిగిచ్చినంకనే పైన వాజిలిన్ పుయ్యి. కింద పూస్తే రేకుకి రేకు మంచిగ తగలది.

స్పానర్ 10-12
ఒకే వైరు ఉన్న హారన్లకి ఎర్త్ అంటే ఆ బిగించిన పట్టీయే. వాటికి పట్టీ బోల్టు దగ్గరే ఇదే పని చేయాలి. బంపర్ రీపెయింట్ అయిన బండ్లలో హారన్ పట్టీకి కూడా పెయింట్ కొట్టేసి బిగించేస్తారు, అక్కడినుంచి మొదలవుతుంది బాధ.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టే బండి అయితే వైరు పొడుగునా ఒకసారి చేత్తో తడమండి. ఎలుకలు కొరికిన చోట పోగులు సగమే మిగిలి ఉంటాయి. అలాంటివి మెలేసి టేపు చుట్టడం పనికిరాదు, వేడికి జిగురు కారిపోతుంది. సోల్డర్ పెట్టి పైన హీట్ ష్రింక్ స్లీవు ఎక్కించాలి.

నిజాంపేట నాని
బోల్టు తీస్తే కింద ఎర్రటి పొడి రాలింది. అన్న చెప్పినట్టే చేశాను. ఇప్పటి అంకెలు: బ్యాటరీ 12.2, హారన్ దగ్గర 11.7, ప్లస్ దారి 0.4, మైనస్ 0.1. ప్లస్ దారిలో 0.3 కాస్తా 0.4 అయింది, అది లోపమా? సన్న గొంతు హారన్ ఖంగుమంటోంది. మంద్రంగా మోగాల్సినది మాత్రం ఇంకా గరగరమంటోంది.

పన్నెండు వోల్టులు
లోపం కాదు. ఎర్త్ బాగుపడ్డాక హారన్లు ఎక్కువ యాంపులు లాగుతున్నాయి, అదే వైరులో ఎక్కువ కరెంటు పోతే నష్టం కొంచెం పెరుగుతుంది. మీ వైరింగ్ పని అయిపోయింది. మిగిలింది ఆ ఒక్క హారన్.

ఉప్పల్ అన్న
దాన్ల నీళ్ళు దిగినయేమో. ఇప్పి బోర్లేసి ఒకరోజు ఎండల పెట్టు. ప్రెషర్ గన్నుతోని గ్రిల్ లోపలికి కొట్టొద్దని వాష్ పోరగాళ్ళకు చెప్పు.

లక్ష్మి_తార్నాక
ఆరాక కూడా గరగర ఉంటే వెనక వైపు సర్దుబాటు స్క్రూ ఉంటుంది, మీద పెయింట్ చుక్కో జిగురో వేసి ఉంటుంది. నడిమధ్య ఉన్న పెద్ద నట్టు అది కాదు, దాన్ని ముట్టుకోవద్దు. అంచు వైపున్న చిన్న స్క్రూ. హారన్‌ని వైసులో కాకుండా దాని పట్టీతోనే పట్టుకుని, ఫ్యూజు వైరుతో బ్యాటరీకి కలిపి, స్క్రూ ఎనిమిదో వంతు తిప్పి ఒకసారి మోగించి వినండి. ముందు ఉన్న చోటు గుర్తు గీసుకోండి. అటూ ఇటూ పావు చుట్టుకి మించొద్దు. వరుసలో యాంప్ మీటర్ పెట్టగలిగితే ఇంకా మంచిది, 5 యాంపులు దాటుతుంటే శబ్దం బాగున్నా వెనక్కి తిప్పండి, లోపలి కాంటాక్టులు త్వరగా కాలిపోతాయి. చౌక మీటర్లలో 10 యాంపుల సాకెట్ వేరేగా ఉంటుంది, ఎర్ర వైరు దాంట్లోకి మార్చుకోవడం మరవకండి.

ఎస్‌యూవీ శీను
ఇంత కష్టపడే బదులు రెండూ తీసేసి నత్త ఆకారం విండ్‌టోన్ జత వేసుకుంటే సరిపోదా? ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద లారీ వాళ్ళకి కంపెనీ హారన్ వినబడదు.

పన్నెండు వోల్టులు
వేసుకోవచ్చు, కానీ పాత కప్లర్‌కి తగిలించేసి వదిలేస్తే ఇబ్బంది. డిస్క్ హారన్ల కోసం వేసిన సన్న వైరు, 10 యాంపుల ఫ్యూజు ఉన్న బండిలో విండ్‌టోన్ జత పెడితే ఫ్యూజు పోతుంది. పోయిందని 20 వేస్తారు, అప్పుడు కాలేది వైరు. ఫ్యూజు విలువ వైరు మందాన్ని బట్టి ఉంటుంది, హారన్ని బట్టి కాదు.

సరైన పద్ధతి: పాత హారన్ కప్లర్ రెండు పిన్నులూ కొత్త రిలే 85, 86కి. బ్యాటరీ ప్లస్ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, బ్యాటరీకి జానెడు దూరంలోపే 20 యాంపుల ఫ్యూజు, అక్కణ్ణుంచి 30కి. 87 నుంచి రెండు హారన్లకీ. ఎర్త్ వైరు కూడా అంతే మందం. రిలే సాకెట్, ఫ్యూజు హోల్డర్ రాణిగంజ్‌లో దొరుకుతాయి.

పాతకారు ప్రేమి
విండ్‌టోన్ దాకా ఫరవాలేదు. రకరకాల స్వరాలు వరుసగా మోగేవి మాత్రం పెట్టొద్దు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లో 119వ నిబంధన వాటిని నేరుగా నిషేధిస్తోంది, చెవులు చిల్లులు పడేలా, అదరగొట్టేలా మోగేవాటినీ కూడా. ఆస్పత్రుల పక్కన ఇళ్ళున్నవాళ్ళు పడే బాధ చూస్తే ఆ నిబంధన ఎందుకుందో తెలుస్తుంది. వినబడాల్సినప్పుడు వినబడితే చాలు.

బోడుప్పల్ బుల్లోడు
నాది తిరగేసిన సమస్య. మధ్యాహ్నం ఎండలో నిలిపితే హారన్ దానంతటదే మోగడం మొదలెడుతుంది, ఆగదు. కాలనీ అంతా బయటికొస్తోంది.

స్పానర్ 10-12
మోగుతుండగా రిలే పీకండి. అప్పుడూ ఆగకపోతే రిలే తర్వాతి వైరు ఎక్కడో 12 వోల్టులకి తగులుతోంది, బయట బిగించిన అలారం, సెంట్రల్ లాక్ కిట్ల వైరు హారన్‌కి కలిపారేమో చూడండి. ఆగితే అదే సాకెట్‌లో వేరే మంచి రిలే పెట్టండి. అది పెట్టాక మోగకపోతే పాత రిలే కాంటాక్టు అతుక్కుంది. మంచి రిలే పెట్టినా మోగితే స్టీరింగ్ వైపు ఎర్త్ తగులుతోంది.

స్టీరింగ్ కవర్ ఏమైనా వేశారా? మందపాటి కవరు స్టీరింగ్ నడిమి హారన్ ప్యాడ్ అంచుని నొక్కుతుంటుంది, ఎండకి ప్లాస్టిక్ కొంచెం సాగినా ఆ కొద్ది సందూ మూసుకుపోతుంది. ముందు కవర్ తీసి ఒక ఎండ చూడండి.

లక్ష్మి_తార్నాక
స్టీరింగ్ వైపే లోపమని తేలినవాళ్ళకి ఒక్క మాట, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. ప్యాడ్ వెనక ఉన్నది పేలే ఎయిర్‌బ్యాగ్. బ్యాటరీ మైనస్ తీసి కనీసం పది నిమిషాలు ఆగాలి, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్‌లో దాచుకున్న కరెంటు దిగిపోవాలి. పసుపు రంగు కప్లర్‌లో మీటరు గానీ బల్బు గానీ పెట్టకూడదు. తీసిన ప్యాడ్‌ని కంపెనీ బొమ్మ ఉన్న వైపు పైకి ఉండేలా పెట్టాలి. ప్యాడ్ తీయకుండానే తేల్చుకోవాలంటే రిలే సాకెట్ దగ్గర చేయండి: బటన్ వైపు పోయే కాయిల్ పిన్నుకి, బ్యాటరీ ప్లస్‌కి మధ్య ఎల్ఈడీ టెస్టర్ పెట్టి బటన్ నొక్కాలి, వెలగాలి. 21 వాట్ల బల్బు పెట్టొద్దు, ఆ సన్నటి పట్టీకి అంత కరెంటు ఎక్కువ. మాడ్యూల్ ఉన్న బండిలో ఇదీ చేయొద్దు, స్కానర్ పెట్టించండి.

కొత్త క్లాక్ స్ప్రింగ్ వేసేటప్పుడు చక్రాలు నేరుగా ఉండాలి, స్ప్రింగ్ నడిమి గుర్తు కలవాలి. అది కలపకుండా బిగిస్తే మొదటి ఫుల్ టర్న్‌లోనే రిబ్బన్ తెగిపోతుంది. సుజుకి బండ్ల పార్టుల పట్టికలో దీన్ని కాంటాక్ట్ కాయిల్ అని రాస్తారు, షాపులో ఆ పేరుతో అడగండి.

బోడుప్పల్ బుల్లోడు
కవర్ తీసేశా. ఇవాళ ఎండలో మోగలేదు. రిలే కూడా మార్చి పెడతాను.

నిజాంపేట నాని
మంద్రం హారన్ ఎండబెట్టినా, స్క్రూ పావు చుట్టు తిప్పినా గరగర పోలేదు. విప్పితే రేకు అంచున చిల్లు పడేలా తుప్పు ఉంది. అదొక్కటే మార్చాను, పాతదాని వెనక అచ్చు వేసిన హెర్ట్జ్ అంకె, 12 వోల్టుల గుర్తు చూసి అలాంటిదే తెచ్చా. ఇప్పుడు రెండూ కలిసి మోగుతున్నాయి. పన్నెండు వోల్టులు గారికీ, లక్ష్మి గారికీ, అన్నకీ, అందరికీ థాంక్స్.

ఉప్పల్ అన్న
మంచిగైంది తమ్మీ. కొత్తదానికి నీళ్ళు పోయే సందు కింది దిక్కు పెట్టి బిగించినవా?

నిజాంపేట నాని
కిందికే అన్నా.